గోవాలో హాఫ్ అయింది, ఇక ఫుల్‌కు పేరు ఇవ్వనా వద్దా?

ఈతరాని చేప
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. వయసు 41, ఇల్లు మియాపూర్, ఉద్యోగం మాదాపూర్‌లో, రోజంతా కుర్చీలోనే. నిరుడు గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 ట్రైథ్లాన్ (హాఫ్ అనేది దీన్నే) పూర్తి చేశాను. అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. పట్టిన సమయం 8 గంటల 9 నిమిషాలు. గడువే 8 గంటల 30 నిమిషాలు కాబట్టి గొప్పలు చెప్పుకొనేంత ఏమీ లేదు. అయినా పతకం పతకమే. మా అమ్మ దాన్ని దేవుడి గదిలో తగిలించింది.

ఇప్పుడు మనసు ఫుల్ మీదికి, అంటే దీనికి రెట్టింపు దూరం పోటీ మీదికి పోయింది. వచ్చే నవంబరులో మలేసియాలోని లంకావిలో ఉంది. 3.8, 180, 42.2. చేతిలో పది నెలలు. సగం దూరం ఎనిమిది గంటల్లో అయినప్పుడు మొత్తం పదహారు గంటల్లో కాదా? గడువు 17 గంటలు కదా. మా ఆఫీసులో ఎవరిని అడిగినా "నీకు పిచ్చి" అంటున్నారు. పిచ్చి ఉన్నవాళ్ల అభిప్రాయం కావాలి.

చక్రధారి
ఆదివారం, రాత్రి 10:15

ఇచ్చేయండి. ఆలోచిస్తూ కూర్చుంటే యాభై వస్తుంది. 2015లో జూరిక్‌లో నటుడు మిలింద్ సోమన్ యాభైకి దగ్గరపడ్డాక 15 గంటల 19 నిమిషాల్లో ఫుల్ చేశాడు. 2024లో గోవాలో ఎంపీ తేజస్వీ సూర్య హాఫ్‌ను 8 గంటల 27 నిమిషాల్లో ముగించారు. మీరు ఆయనకన్నా పద్దెనిమిది నిమిషాలు ముందున్నారు.

నల్లగండ్ల నడక
ఆదివారం, రాత్రి 10:31

ఎంపీ గారికి ఉన్నంత తీరిక మనకెక్కడిది లెండి. పార్లమెంటులో...

నిర్వాహకుడు
ఆదివారం, రాత్రి 10:40

పై వ్యాఖ్యలో సగం తొలగించాను. ఆయన ఈదారు, తొక్కారు, పరుగెత్తారు. ఇక్కడికి అంతే చాలు. పార్టీల సంగతి వేరే చోట.

లెక్కల మాస్టారు
సోమవారం, ఉదయం 5:05

ఈతరాని చేప గారూ, మొత్తం సమయం చూసి ఏమీ చెప్పలేం. దేనికెంత పట్టిందో విడివిడిగా రాయండి.

ఈతరాని చేప
సోమవారం, ఉదయం 8:20

ఈత 58 నిమిషాలు. సైకిలు 3 గంటల 52 నిమిషాలు. పరుగు 3 గంటల 2 నిమిషాలు. బట్టలూ బూట్లూ మార్చుకోవడానికి రెండుసార్లకూ కలిపి 17 నిమిషాలు. (నవ్వకండి. సాక్సులో ఇసుక దులపడానికే అయిదు నిమిషాలు పోయాయి.)

లెక్కల మాస్టారు
సోమవారం, రాత్రి 8:45

నవ్వను. 17 నిమిషాలు నా లెక్కలో చాలా విలువైనవి.

చాలా ఫుల్ పోటీల్లో గడువులు ఇలా ఉంటాయి. ఈత 2 గంటల 20 నిమిషాల్లో ముగించాలి. పోటీ మొదలైన 10 గంటల 30 నిమిషాల్లోపు సైకిలు దిగాలి. 17 గంటలకు గీత దాటాలి. ఈతకు హాఫ్‌లోనూ ఫుల్‌లోనూ ఒకటే వేగం చాలు, వంద మీటర్లకు 3 నిమిషాల 41 సెకన్లు. మీరు దాదాపు 3 నిమిషాల 3 సెకన్లకు ఈదారు. అక్కడ పరవాలేదు.

సైకిలు గడువుకు దిగారనుకుందాం. పరుగుకు మిగిలేది ఆరున్నర గంటలు. బూట్లు మార్చుకోవడానికి పది నిమిషాలు తీసేస్తే కిలోమీటరుకు 9 నిమిషాలు. హాఫ్‌లో 90 కిలోమీటర్లు తొక్కాక మీకు కిలోమీటరుకు 8 నిమిషాల 38 సెకన్లు పట్టింది. ఫుల్‌లో అంతకు రెట్టింపు తొక్కి, రెట్టింపు దూరం పరుగెత్తాలి. మీ చేతిలో ఉన్న మిగులు కిలోమీటరుకు 22 సెకన్లు. బూటు లేసు ఊడితే అయిపోతుంది.

గోవాలో తొక్కిన వేగమే చివరిదాకా నిలిస్తే సైకిలు 7 గంటల 44 నిమిషాల్లో అవుతుంది, ఇంకో అరగంట కలిసొస్తుంది. నిలిస్తే.

"సగానికి ఎనిమిదైతే మొత్తానికి పదహారు" అన్నది బియ్యం బస్తాల లెక్క. శరీరానికి అది వర్తించదు.

చక్రధారి
సోమవారం, రాత్రి 9:10

మాస్టారూ, అందుకేగా పది నెలలు ఉన్నది! సైకిలు మీద వేగం పెంచుకుంటే పరుగుకు సమయం దానంతట అదే మిగులుతుంది. గంటకు 28 కిలోమీటర్ల సగటు తెచ్చుకుంటే ఆరున్నర గంటల్లో సైకిలు అయిపోతుంది. ఆపై మారథాన్ నడిచినా చాలు.

పద్నాలుగో మైలురాయి
సోమవారం, రాత్రి 11:35

చక్రధారి గారూ, సరిగ్గా మీరు చెప్పిందే చేసి వచ్చాను. నా పేరు చూశారుగా.

మూడేళ్ల కిందట ఇదే లంకావి. ఈత గంటన్నరలో అయింది. సైకిలెక్కాక కాళ్లలో ఏనుగు బలం. ముందున్నవాళ్లను ఒక్కొక్కరినే దాటుతుంటే ఇంటి దగ్గర ఫోనులో చూస్తున్న తమ్ముడు ఎంత సంబరపడుతున్నాడో అనుకుంటూ తొక్కాను. సగటు 28. గంటకు రెండు జెల్‌లు (బలానికి మింగే తీపి ముద్ద పొట్లాలు) చొప్పున మింగాలని పథకం. ఆ జెల్‌లు నేను అంతకుముందు వాడినవి కావు. పోటీకి ముందురోజు అక్కడి దుకాణంలో రంగు చూసి కొన్నవి.

నాలుగో గంట దాటాక కడుపు తలుపు వేసేసుకుంది. ఇంకో మాట లేదు దానికి. మింగినది మింగినట్టే పైకి కొడుతోంది. నోరు తీపితో అంటుకుపోయి ఉత్త నీళ్లు తాగాను, ఆ నీళ్లు కూడా కడుపులో డబడబలాడాయి. సైకిలు మాత్రం అనుకున్న సమయానికే దిగాను. మారథాన్‌కు ఎనిమిది గంటలకు పైగా ఉంది చేతిలో. నడిచినా సరిపోయేది. నడవడానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదండీ. పద్నాలుగో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్కన కూర్చున్నాను. ఒక కుర్రాడు కుర్చీ తెచ్చి వేశాడు, మంచివాడు. సమయం లెక్కకు కాలికి కట్టిన చిప్పు వంగి విప్పుకోలేకపోతే అతనే విప్పాడు.

ఆ 28 సగటు ఫొటో ఇప్పటికీ నా ఫోనులో ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఎముకలూ కీళ్లూ
మంగళవారం, మధ్యాహ్నం 1:50

ఫిజియోథెరపిస్టుగా పదిహేనేళ్లుగా మీలాంటివాళ్ల మోకాళ్లు చూస్తున్నాను, అయితే ఈసారి మోకాళ్ల గురించి కాదు.

పద్నాలుగో మైలురాయి గారికి జరిగింది ఇది. గట్టిగా తొక్కుతున్నప్పుడు రక్తం కాళ్ల కండరాలకు పోతుంది. ఎండలో ఒళ్లు చల్లబరచడానికి చర్మానికి పోతుంది. పేగులకు దక్కేది తక్కువ. అలాంటప్పుడు చిక్కటి చక్కెర పాకం లాంటి జెల్ పడితే అది ముందుకు కదలదు, పైగా చుట్టుపక్కల నీటిని పేగులోకి లాగుతుంది. అందుకే ఆ డబడబ. కాస్త నెమ్మదిగా తొక్కి ఉంటే అదే జెల్ అరిగేదేమో.

ఇంత దూరం పోటీకి సాధారణంగా చెప్పేది గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం. కనీసమే తీసుకుందాం. ఏడున్నర గంటల సైకిలుకు 450 గ్రాములు. ఒక మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుందనుకుంటే పద్దెనిమిది అరటిపండ్లు. కదులుతున్న సైకిలు మీద, మధ్యాహ్నపు ఎండలో. మీ ఇంట్లో సోఫాలో కూర్చుని తినగలరా? కడుపుకూ సాధన కావాలి. గంటకు 30 గ్రాములతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి. పోటీలో తినేదే సాధనలో తినాలి.

రెండోది ఉప్పు. చెమటతో ఉప్పు పోతూ ఉంటే ఉత్త నీళ్లే తాగుతూ పోయారంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, వేళ్ల ఉబ్బు, మాట తడబడటం. చూసేవాళ్లు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. హైదరాబాదు ఎండ పొడిగా ఉంటుంది, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది కాబట్టి ఎంత పోతోందో మనకు తెలియదు. సముద్రం పక్కన ఆరదు, కారుతూనే ఉంటుంది, ఒళ్లు చల్లబడదు. మన ఊళ్లో చేసిన సాధనను నమ్ముకుని అక్కడ అదే వేగం పట్టకండి.

నలభై దాటారు కాబట్టి గుండె పరీక్ష చేయించుకుని రండి. ట్రైథ్లాన్‌లలో జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం ఈత దశలోనే జరిగాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు.

బావి ఈత
మంగళవారం, రాత్రి 7:30

నేను మా ఊరి దిగుడుబావిలో నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చినవాణ్ణి. అందరూ తిండి గురించీ లెక్కల గురించీ చెబుతున్నారు. నాకు ఒక్క సంగతే కావాలి. చేప గారూ, గోవాలో ఆ 58 నిమిషాలు ఎలా గడిచాయి? అంకె కాదు, ఈదిన తీరు చెప్పండి.

ఈతరాని చేప
మంగళవారం, రాత్రి 11:58

మీరు అడుగుతారనే భయపడుతున్నాను.

రెండుసార్లు కయాక్, అంటే ఈతగాళ్లకు కాపలాగా ఉండే చిన్న పడవ, పట్టుకున్నాను. మొదటిసారి 300 మీటర్ల దగ్గరే. ఎవరిదో కాలు నా గాగుల్స్‌కు తగిలింది, ఉప్పునీళ్లు మింగాను, తల ఎత్తితే దారి చూపే బోయా కనిపించలేదు, అన్నీ నారింజ టోపీలే. ఊపిరి అందలేదు. కయాక్ మీద ఉన్న అబ్బాయి "పట్టుకోవచ్చు సార్, ముందుకు లాగకూడదు అంతే" అన్నాడు. ఎంతసేపు పట్టుకున్నానో తెలియదు. మిగతా దూరంలో సగం తల పైకెత్తి కప్పలా ఈదాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

బావి ఈత
బుధవారం, ఉదయం 6:10

కయాక్ పట్టుకోవడం తప్పు కాదు, నిబంధనల్లోనే ఉంది. ఎలా ఈదినా అడిగేవాడు లేడు. అయితే 3.8 కిలోమీటర్లు తల ఎత్తి ఈదితే మెడా నడుమూ అక్కడే అయిపోతాయి. ఆ నడుముతోనే తరవాత ఏడున్నర గంటలు సైకిలు మీద వంగాలి.

మన ఊళ్లో ఉన్న చిక్కు సముద్రం లేకపోవడం. గండిపేట, హిమాయత్‌సాగర్ చూసి నోరూరుతుంది కానీ అవి తాగునీటి జలాశయాలు. దిగకండి. దిగి మునిగినవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఉన్నది కొలనే కాబట్టి దాన్నే సముద్రం చేసుకోవాలి. గచ్చిబౌలి స్టేడియం కొలను లాంటి 50 మీటర్ల కొలను దొరికితే అక్కడే ఈదండి. 25 మీటర్ల కొలనులో 1.9 కిలోమీటర్లకు 76 పొడవులు. ప్రతి పొడవుకూ గోడను తన్ని ముందుకు జారతారు. సముద్రంలో ఆ గోడ ఉండదు. గోడ తాకకుండా రెండు మీటర్ల ముందే తిరగడం అలవాటు చేసుకోండి. పక్కన మనిషి లేని చోట పది బారలు కళ్లు మూసుకుని వేసి, తెరిచి చూడండి, ఎటు పోతున్నారో తెలుస్తుంది. ఒకే వరసలో ముగ్గురు మిత్రులతో కలిసి దిగి, తోసుకుంటూ తన్నుకుంటూ ఈదండి. నేను చెబుతున్నది హాస్యం కాదు. మొదటి తన్ను ఇక్కడే తినాలి.

ఆ తరవాత విశాఖ. రుషికొండ దగ్గర, శిక్షకుడి తోడుతో, ఉదయం పూట మాత్రమే. అక్కడి అలలు లోపలికి లాగుతాయి, ఒంటరిగా వద్దు.

ఆదివారాలు ఎవరివి
బుధవారం, మధ్యాహ్నం 12:20

నేను ఏ పోటీకీ వెళ్లలేదు, వెళ్లను కూడా. మావారు రెండేళ్ల కిందట ఫుల్ చేశారు. ఈ చర్చ ఆయనే చూపించారు, "చూడు, ఎంత బాగా రాస్తున్నారో" అని. చూశాను. ఇంతమంది ఇంత రాసినా ఒక్కరూ వారానికి గంటలెన్నో చెప్పలేదేం?

నేను చెబుతాను. మొదట్లో ఎనిమిది. చివరి మూడు నెలలూ పన్నెండు నుంచి పదిహేను. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి అలారం, ఆయనకు కాదు, ఇంట్లో అందరికీ. మధ్యాహ్నం వచ్చి తిని పడుకుంటే లేపినా లేవరు. ఆ లెక్కలో పెళ్లిళ్లు, పిల్ల పరీక్షలు, మా నాన్న కంటి ఆపరేషను, గ్యాసు బండ, అన్నీ నా వైపు. ఇందులో తప్పొప్పులు ఎంచడం లేదు. నన్ను ముందే కూర్చోబెట్టి "ఇన్ని గంటలు తీసుకుంటున్నాను, నీకేం కావాలి" అని అడిగి ఉంటే బాగుండేది. పోటీ అయ్యాక అడిగారు. చేప గారూ, మీ ఇంట్లో అడిగారా?

ఇంకొకటి. పరుగు దారిలో నిలబడి పులిహోర డబ్బా అందించబోతే, నేనెవరో తెలియనట్టు చేయి అడ్డంపెట్టి పోయారు మావారు. ఆ రాత్రి మాట్లాడలేదు నేను. తరవాత తెలిసింది, బయటివాళ్ల చేతి నుంచి ఏదీ తీసుకోకూడదట, తీసుకుంటే పోటీ నుంచి తప్పించవచ్చట. మీవాళ్లకు అది ముందే చెప్పండి.

పాత సంచిక
బుధవారం, రాత్రి 9:00

అమ్మా, మీ పులిహోరకు చరిత్ర తోడుంది. 1978లో హవాయిలోని ఓహూ దీవిలో మొట్టమొదటి పోటీ జరిగినప్పుడు ఎవరి సహాయకులు వాళ్లతోనే ఉండేవారు. పదిహేనుమంది బయల్దేరి పన్నెండుమంది ముగించారు. రెండో స్థానంలో వచ్చిన జాన్ డన్‌బార్‌కు పరుగులో నీళ్లు అయిపోతే ఆయన మనుషులు బీరు అందించారు. గెలిచిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది.

ఆ పోటీ పుట్టిందే ఒక వాదన వల్ల. ఈతగాడు గొప్పా, పరుగువీరుడు గొప్పా, సైకిలువాడు గొప్పా అని. జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి మూడూ ఒకేరోజు పెడితే తేలిపోతుందన్నాడు. ఈ పేజీ చూస్తే ఇంకా తేలలేదని తెలుస్తోంది.

ఇప్పుడు చాలా ఫుల్ పోటీల్లో సొంత తిండి సంచి ఒకటి ముందే ఇవ్వొచ్చు, దారి మధ్యలో మనకు అందిస్తారు. పులిహోర అందులో పెట్టండి.

చక్రధారి
గురువారం, ఉదయం 5:40

28 సగటు మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఆ 28 నాకు గుంపులో వస్తుంది. ముందువాడి చక్రం వెనక దాక్కుంటే గాలి తగలదు, కాళ్లకు బరువు తెలియదు. పోటీలో ముందు సైకిలుకు పన్నెండు మీటర్లు వెనక ఉండాలి, లేదంటే శిక్షగా నిమిషాల తరబడి నిలబెడతారు. ఒంటరిగా నా సగటు 25. చెప్పడానికి నామోషీ, కానీ అంతే.

సాధనకు చోటు: ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో వచ్చిన సౌరఫలకాల సైకిలు దారి. మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు వరకూ 14.5, రానూపోనూ 29. ఆరుసార్లు తిరిగితే 174. నీడ ఉంటుంది, లారీ ఉండదు. విసుగు మాత్రం అనంతం, అదీ సాధనే. ఎత్తుపల్లాలు కావాలంటే నెలకోసారి అనంతగిరి.

చేప గారూ, ఒక పరీక్ష పెట్టుకోండి. నాలుగు చుట్లు ఒంటరిగా, అంటే 116. దిగిన వెంటనే బూట్లు మార్చుకుని పది కిలోమీటర్ల పరుగు. అప్పుడు పేరు ఇవ్వండి.

ఈతరాని చేప
మూడు వారాల తరవాత, ఆదివారం, సాయంత్రం 4:30

ఈ రోజు చేసి వచ్చాను. కాళ్లు బకెట్టులో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి చుట్టులోనే తప్పు చేశాను. ఒక గుంపు 27తో పోతుంటే తెలియకుండానే వాళ్ల వెనక చేరాను. రెండో చుట్టు సగంలో గుర్తొచ్చి వదిలేశాను. ఆ తరవాత ఒంటరిగా 22. కొల్లూరు వైపు ఎదురుగాలికి 20 కూడా చూశాను.

తిండి: పులిహోర విఫలం. రుచికి కాదు, వేరుశనగలు పంటికింద పడి నమిలేసరికి ఊపిరి అందలేదు, పైగా చేతి తొడుగులు, సైకిలు పట్టీలు అన్నీ పసుపు. ఉప్పు కలిపి గుజ్జులా చేసిన ఇడ్లీ, బెల్లం ముక్క, రెండు అరటిపండ్లు దిగాయి. నిమ్మరసం ఉప్పు వేసిన నీళ్లు మూడు సీసాలు. మొత్తం గంటకు 40 గ్రాములు దాటలేదు.

పరుగు మొదటి రెండు కిలోమీటర్లు నా కాళ్లు నావి కావు, ఎవరో అద్దెకిచ్చినట్టున్నాయి. తరవాత నడకా పరుగూ కలిపి కిలోమీటరుకు 8 నిమిషాల 50 సెకన్లు.

మాస్టారూ, మీరు లెక్క వేయకముందే నేనే వేసుకున్నాను. 116కే, పది కిలోమీటర్లకే ఇంత.

నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని అడిగాను, ఆదివారాలు గారు చెప్పినట్టు. కయాక్ సంగతీ చెప్పాను. మా ఆవిడ మొదట కయాక్ గురించే కోప్పడింది, గంటల గురించి కాదు. చాలాసేపు మాట్లాడుకున్నాం. లంకావికి పేరు ఇవ్వలేదు. మళ్లీ గోవాకే ఇస్తున్నాను, కయాక్ పట్టుకోకుండా ఈదడానికి. ఫుల్ ఆ పై ఏడాది. శనివారం నాది, ఆదివారం ఇంటిది.

పద్నాలుగో మైలురాయి
ఆదివారం, సాయంత్రం 5:02

లంకావికి నేను ఇచ్చాను. నిన్న రాత్రే. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఆదివారాలు ఎవరివి
ఆదివారం, సాయంత్రం 5:15

ఇప్పుడే వెళ్లి చెప్పండి.

ఎముకలూ కీళ్లూ
ఆదివారం, సాయంత్రం 6:40

బకెట్టులో నుంచి కాళ్లు తీసి తుడుచుకోండి. 40 గ్రాములు మొదటిసారికి మంచి అంకె. వచ్చేవారం 45. వేరుశనగలు తీసేసి, నూనె తగ్గించి, చిన్న ఉండలు కట్టి చూడండి.

చక్రధారి
ఆదివారం, రాత్రి 8:20

వచ్చే శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు నార్సింగి వైపు నుంచి మొదలుపెడుతున్నాను. వచ్చేవాళ్లు రెండు ట్యూబులు, టైరు లీవర్లు, ముందు దీపం తెచ్చుకోండి. పన్నెండు మీటర్లు వెనకే ఉండాలి, ముందే చెబుతున్నాను. మాట్లాడుకోవడం ఏదైనా ఇడ్లీ బండి దగ్గర.

లెక్కల మాస్టారు
ఆదివారం, రాత్రి 8:31

నేను వస్తాను. చేప గారూ, సాక్సులు మార్చడానికి ఈ రోజు ఎంత పట్టింది?

ఈతరాని చేప
ఆదివారం, రాత్రి 8:33

మూడు నిమిషాలు. ఇసుక లేదు కదా మాస్టారూ.